వెనక వరుస

ప్లేటు చిరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. తడిసిన గోనెపట్టా చింపినట్టు పర్రుమని చిన్న శబ్దం, అంతే. మరుక్షణం సీటు వీపు ముందుకు తూలింది. దాన్ని లాగుతున్న గొలుసు వదులై గచ్చు మీద పడింది. బుచ్చిరాములు గొలుసును లాగే పంపు ఆపేశాడు. షెడ్డు కప్పు మీద పడుతున్న వాన అప్పటిగ్గాని వినిపించలేదు.

ఇందుజ వంగి చూసింది. ఏడుగురు కూర్చునే బండిలో అది మూడో వరుస, చిట్టచివరి సీటు. దాని వీపును నిలబెట్టి పట్టుకునే హుక్కు చెక్కుచెదరలేదు. హుక్కును మోసే ప్లేటే బోల్టు కన్నం దగ్గర మొదలై అంచుదాకా చిరిగిపోయింది. ఆమె గ్లవ్ తీసి చిరిగిన చోటు వేలితో తడిమింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"సగం లాగకముందే పోయింది మేడం," అన్నాడు బుచ్చిరాములు. జారిన మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. "గిది మంచిగ లేదు."

"ఇంకో సీటు బిగించండి. మళ్ళీ చూద్దాం."

రెండోదీ అక్కడే చిరిగింది.

సూరత్‌లోని ఖటోదరాలో ఒకప్పుడు మగ్గాలు ఆడిన షెడ్డు అది. మగ్గాలు పెరికేసిన చోట గచ్చు మీద నూనె మరకలు ఇంకా వరసగా ఉన్నాయి. ఇప్పుడక్కడ రెండు కంపెనీలు కలిసి తయారు చేస్తున్న ఫ్యామిలీ వ్యానుకు సీట్లు కడుతున్నారు. ఇంజనూ చట్రమూ బెంగళూరు కంపెనీవి. బాడీ, సీట్లు సూరత్ కంపెనీవి. షెడ్డులో అందరూ వాళ్లను ఇంజను వాళ్లు, బాడీ వాళ్లు అనే అంటారు. ఇందుజ ఇంజను వాళ్ల మనిషి. తమ చట్రం మీద అవతలివాళ్ల సీట్లు సరిగ్గా అమరుతున్నాయో లేదో చూడడం ఆమె పని. బాడీ వాళ్ల తరఫున ఆ సీట్లు గీసినవాడు మల్లేష్. ఏప్రిల్లో, కరోనా రెండో వేవ్ ఊరిని ఊపేస్తున్నప్పుడు ఆస్పత్రిలో చనిపోయాడు. అతని బల్ల ఇప్పటికీ కిటికీ పక్కనే ఉంది. దాని మీద ఎవరో హెల్మెట్లు పెట్టడం మొదలుపెట్టారు.

ఆమె ఫోనులో శ్రీహర్షను పిలిచింది. ఇంజను వాళ్లలో ఆమెకు పై అధికారి. ఏడాదిన్నరగా బెంగళూరులో ఇంటి నుంచే పని చేస్తున్నాడు. తెర మీద అతని ముఖమూ, వెనకాల ఒక పచ్చని మొక్కా కనిపించాయి.

"ఏదీ, దగ్గరగా చూపించు," అన్నాడు.

ఆమె కెమెరాను చిరుగు మీదికి తిప్పింది.

"డ్రాయింగు ఎవరిది?"

"మల్లేష్‌ది సార్."

"పాపం, మంచివాడు," అన్నాడు శ్రీహర్ష. తర్వాత అదే గొంతుతో, "అయితే తేలిపోయినట్టేగా," అన్నాడు.

ఏం తేలిపోయిందో ఇందుజకు వెంటనే తెలియలేదు.

బుచ్చిరాములు చిరిగిన ప్లేట్లు రెండూ విప్పి, గుడ్డతో తుడిచి, ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. తుడవాల్సిన అవసరం లేదు. అయినా తుడిచాడు.

రెండేళ్లుగా ఆ రెండు కంపెనీలూ ఏ విషయంలోనూ ఒక మాట మీదికి వచ్చింది లేదు. పక్క తలుపు జరగాలా, బయటికి తెరుచుకోవాలా అని తేల్చుకోవడానికి ఒక వానాకాలం పట్టింది. ఏసీ గాలి వెనక వరుసదాకా వెళ్లాలా వద్దా అన్నది ఇప్పటికీ తేలలేదు. సీటు గుడ్డ లేత రంగులో ఉంటే పిల్లలు మురికి చేస్తారని ఒకరు, ముదురు రంగైతే ఎండకు కాలుతుందని ఇంకొకరు. బుధవారం మధ్యాహ్నానికి ఆ ఇద్దరికీ ఒక్క విషయంలో మాట కుదిరింది.

"శుక్రవారం ఊర్మిళా మేడంకి నువ్వే చెప్పాలి," అన్నాడు శ్రీహర్ష. ఊర్మిళ ఈ బండి మొత్తానికి అధిపతి. రెండు కంపెనీలూ కలిసి నియమించుకున్న మనిషి. "ఎక్కువ వద్దు. వెనక సీటు ప్లేటు చిరిగింది. కారణం, డ్రాయింగులో ఒక వ్యక్తి చేసిన పొరపాటు. ఆ ప్లేటు మందం పెంచుతున్నాం. అయిపోయింది."

"పొరపాటు కాదు కదా సార్. మార్చిలో బరువు తగ్గించాలని మనమే కదా పలచన చెయ్యమన్నాం? అతను వద్దన్నాడు."

"అన్నాడు. తర్వాత మార్చాడుగా. డ్రాయింగు మీద ఎవరి పేరుంటే తప్పు వాళ్లదే."

"హస్ముఖ్ భాయి మార్చమంటేనే కదా—"

"ఇందుజా." అతను కుర్చీలో ముందుకు జరిగాడు. "మల్లేష్ వాళ్ల మనిషి. వాళ్ల బాసు హస్ముఖ్ భాయే ఒప్పుకున్నాడు, మనకేంటి అభ్యంతరం? పోయినవాడికి ఉద్యోగం ఊడదు, ప్రమోషన్ ఆగదు. బతికున్నవాళ్లలో ఎవరి పేరెత్తినా ఆరు నెలలు కొట్టుకుంటారు. బండి ఎప్పుడు రోడ్డెక్కాలి?"

"మధ్య వరుసకూ అదే ప్లేటు సార్."

"మధ్య వరుస పరీక్ష నెగ్గింది."

"బొటాబొటీగా నెగ్గింది. అదీ కొత్త ప్లేటుతో. నాలుగేళ్లు గతుకుల్లో తిరిగాక—"

"నెగ్గింది," అన్నాడు శ్రీహర్ష. తెర మీద అతని బొమ్మ పోయింది.

ఆమె అన్నం డబ్బా తీసుకుని షెడ్డు మధ్యలో ఉన్న నమూనా బండి దగ్గరికి వెళ్లింది. ఇంజను లేదు, చక్రాలు లేవు, ఉత్త డొల్ల. ఏడు సీట్లు మాత్రం నిజమైనవి. పోయిన సంవత్సరం, ఒకే బల్ల మీద ఎవరూ భోజనం చేయకూడదని నియమం పెట్టినప్పుడు, మల్లేషే ఈ ఉపాయం కనిపెట్టాడు. తను వెళ్లి వెనక వరుసలో కూర్చునేవాడు, ఆమె ముందు సీట్లో. మధ్యలో ఒక వరుస ఖాళీ. తలుపులన్నీ బార్లా తెరిచి, ఇద్దరూ ఒకే వైపు చూస్తూ, ఒకరికొకరు కనపడకుండా తినేవారు. పొడుగు మనిషి, ఆ సీట్లో మోకాళ్లు గడ్డానికి తగిలేవి. "మేడం, మీ ఆంధ్రోళ్ల పప్పు వాసన గీడిదాక వస్తాంది. ఏసీ గాలి రాకున్నా పప్పు వాసన వస్తాంది," అని వెనక నుంచి కేకేసేవాడు. ఆమె తిరగకుండానే నవ్వేది. ఊరికి దూరంగా, పాల్ అనే పేటలో ఒంటరిగా ఒక గది తీసుకుని ఉంటున్న ఆమెకు రోజంతటిలో నోరారా పలికే తెలుగు ఆ అరగంటే.

ఇప్పుడామె మధ్య వరుసలో కూర్చుంది. రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది.

బుచ్చిరాములు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. సిరిసిల్ల దగ్గర పల్లె అతనిది. మగ్గాల పనికని వచ్చి, మగ్గాలు పోయాక అదే షెడ్డులో ఫిట్టరుగా కుదురుకున్నాడు.

"మల్లేష్ సారు పెండ్లానికి నౌకరి ఇచ్చిన్రు, ఎరుకేనా మేడం? సుభాషిణమ్మకు. సీటు కవర్లు కుట్టే కాడ. సోమారం నుంచి రమ్మన్నరు."

"అవునా? మంచి మాట చెప్పారు."

"మంచిదే," అన్నాడు. వెళ్లబోయి ఆగాడు. "శుక్రారం మీటింగుల సారు పేరు వస్తదటగ?"

షెడ్డులో మాటలకు గోడలు అడ్డం కావు. ఇందుజ డబ్బా సంచిలో పెట్టుకుని బండి దిగింది.

సాయంత్రం గదికి వచ్చాక ఆమె తల్లి విశాలాక్షికి ఫోను చేసింది. ఆవిడ కాకినాడలో తన చెల్లెలి కూతురికి కుదిరిన సంబంధం గురించి, పెళ్లికి యాభై మందినే పిలవనిస్తారన్న సంగతి గురించి చెప్పింది. ఇందుజ ఊ కొట్టింది. "గొంతేంటే అలా ఉంది? జ్వరమా?" అని తల్లి అడిగితే, "వానమ్మా," అంది. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది. పక్క గదిలో ఉండే అమ్మాయి లాక్‌డౌన్ మొదట్లో వెళ్లి తిరిగి రాలేదు. ఆ తలుపుకు వేసిన తాళం తుప్పు పట్టింది.

మర్నాడు ఆమె పని మధ్యలోనే ఆటో ఎక్కి నవాగామ్‌లో మల్లేష్ ఇంటికి వెళ్లింది. ముందుగా వాళ్లకు చెప్పాలనిపించింది. తను మీటింగులో నిజం చెప్పబోతున్నానని, మల్లేష్ మీద మచ్చ పడనివ్వనని చెప్తే ఆ ఇంటికి కాస్త ఊరటగా ఉంటుందనుకుంది. దారిపొడవునా ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని కూడబలుక్కుంది.

సందు చివర కింద ఒక గది, పైన ఒక గది ఉన్న ఇల్లు. గడపలో మల్లేష్ తల్లి గంగవ్వ కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. ఇందుజ ఎవరో చెప్పుకున్నాక, "కారు కంపిని నుంచా? మావోనితోని పని చేసినవా బిడ్డా?" అని చాట పక్కన పెట్టి, కొంగుతో గడప తుడిచి, "కూసో" అంది.

లోపల సుభాషిణి చీరకు రాళ్లు అంటిస్తోంది. ఒళ్లో గులాబీ రంగు చీర, పక్కన గంజి లాంటి జిగురు, మూతలో మెరిసే రాళ్లు. పుల్ల కొనతో ఒక్కొక్క రాయే ఎత్తి, చుక్క మీద పెట్టి, వేలితో నొక్కుతోంది. ఇందుజను చూసి పుల్ల కింద పెట్టింది కాని లేవలేదు. చీర ఒళ్లో ఆరాలి.

"మీరేనా ఇందుజ మేడం? ఆయన చెప్పేటోడు. పప్పు మేడం అని."

ఇద్దరూ కొంచెం నవ్వారు.

ఇందుజ గొంతు తగ్గించి మీటింగు సంగతి మొదలుపెట్టగానే సుభాషిణి గడప వైపు చూసింది. చీర జాగ్రత్తగా నులక మంచం మీద పరిచి, లేచి, "గిట్ల రాన్రి" అని వెనక వైపు అంట్లు తోమే చోటికి తీసుకుపోయింది. నల్లా కింద బకెట్టు నిండి పొర్లుతోంది. కట్టేసింది.

"అత్తకు చెప్పకున్రి. ఆమె తట్టుకోదు," అంది. "నాకు ఎరుకే. నిన్న హస్ముఖ్ భాయి పిలిపిచ్చిండు."

"ఏమన్నాడు?"

"మీ ఆయన పేరు ఒక కాయితంల వస్తది, ఏం మనసుల పెట్టుకోకు, ఉత్తగ రాసుకునేందుకు అన్నడు. సోమారం టైంకి రా అన్నడు."

"అది ఉత్తగా రాసుకోవడం కాదు సుభాషిణి గారూ. తప్పంతా మల్లేష్ మీద తోసేస్తున్నారు. అతను వద్దని చెప్పాడు, నేను విన్నాను. రేపు అందరిముందూ చెప్తాను."

సుభాషిణి తడి చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంది. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంది.

"మేడం, ఒక మాట అడుగుత. చెడ్డగ అనుకోకున్రి. ఆయన మీదనే పెట్టన్రి."

ఇందుజకు తను సరిగ్గా విన్నదో లేదో అర్థం కాలేదు.

"పోయినోనికి ఏం తాకుతది? రాయి ఇసిరినా తాకది. నేను బతకాలె. పిల్ల సదవాలె. కుట్టుడు పరీక్ష పెట్టిన్రు, పన్నెండు మంది ఆడోళ్లొచ్చిన్రు, అండ్ల నేను పాసైన. మీ సీటు గుడ్డ ఎంత మందముంటది! సూది ఇరగకుంట మూల తిప్పిన. ఎవలో దయ తలిచి ఇచ్చిన నౌకరి కాదు గది. రేపు మీరు లొల్లి పెడితే హస్ముఖ్ భాయి ఊకుంటడా?"

"మధ్య సీట్లకు కూడా అదే రేకు. తప్పు మల్లేష్‌దని రాస్తే వెనక సీటొక్కటే బాగుచేస్తారు. మధ్యలో పిల్లలే కూర్చుంటారు ఎక్కువగా. బండి గుద్దుకుంటే—"

"మా పిల్ల కూసుంటదా మేడం అండ్ల?" సుభాషిణి గొంతు పెరగలేదు. "మేము ఊరికి పోతే జనరల్ డబ్బల పోతం. గా బండి మీది, గా పిల్లలు మీరు చెప్పేటోళ్ల పిల్లలు. నాకు నా పిల్ల ముచ్చట చెప్పన్రి."

పై గదిలో ఎవరో రేడియో పెట్టారు. ఇందుజ నల్లా వైపు చూస్తూ నిలబడింది. ఒక్కో బొట్టు బకెట్లో పడుతోంది.

వెళ్లేటప్పుడు గంగవ్వ చాయ్ తాగనిదే కదలనివ్వలేదు. చాయ్ గ్లాసు చేతికిస్తూ, "మావోడు మంచిగనే చేసిండా బిడ్డా, పని?" అని అడిగింది. ఇందుజ "చాలా బాగా చేసేవాడమ్మా" అంది. లోపల సుభాషిణి మళ్లీ చీర ఒళ్లోకి తీసుకుని, తలెత్తకుండా రాళ్లు అంటిస్తోంది.

శుక్రవారం మీటింగుకు ఇందుజ షెడ్డులోని చిన్న గదిలో కూర్చుంది. రాత్రంతా ఆలోచించి, చెప్పకూడదనే నిశ్చయించుకుంది. ఆ ఇంటివాళ్లకే వద్దనిపించినప్పుడు మధ్యలో తనెవరు? మూడు వాక్యాలు చదివేసి ఊరుకుంటే సరి. మధ్య వరుస సంగతి తర్వాత ఎప్పుడైనా, ఇంకో దారిలో చూసుకోవచ్చు.

తెర మీద చదరాల్లో ముఖాలు ఒక్కొక్కటే వెలిగాయి. శ్రీహర్ష, మెడలో తువ్వాలుతో హస్ముఖ్ భాయి, పేర్లు తెలియని ఇంకా కొందరు. చివర్లో ఊర్మిళ. నెరిసిన జుట్టు, మాట పొదుపు.

ఇందుజ చిరిగిన ప్లేటు ఫొటోలు చూపించింది. ఎక్కడ మొదలైందో, ఎంత బరువుకు చిరిగిందో చెప్పింది. తర్వాత కారణం చెప్పాల్సిన చోటికి వచ్చింది. వాక్యం తెర మీద ఉంది. శ్రీహర్షే ఇంగ్లిషులో రాసి పంపాడు. ఆమె దాన్ని సగందాకా చదివింది. అక్కడ మల్లేష్ పేరుంది, ఇంటిపేరుతో సహా. ఇంటిపేరులో అక్షరం తప్పు పడింది. రెండేళ్లు కలిసి పనిచేసిన మనుషులు రాసిన పేరు.

ఆమె ఆగింది.

"వినపడటం లేదు ఇందుజా," అన్నాడు శ్రీహర్ష. "మ్యూట్‌లో ఉన్నావేమో."

"లేను సార్." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఈ వాక్యం నిజం కాదు."

చదరాలన్నీ ఫొటోల్లా నిలిచిపోయాయి.

"మార్చిలో ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు నేనూ ఉన్నాను. బరువు తగ్గించాలి, ప్లేటు పలచన చెయ్యాలి అన్నది మా వైపు నుంచి. శ్రీహర్ష గారే అన్నారు. మల్లేష్ వద్దన్నాడు. బోల్టు కన్నం దగ్గర చిరుగుతుందని చెప్పాడు. సరిగ్గా అక్కడే చిరిగింది. హస్ముఖ్ భాయి చెయ్యమన్నారు. అప్పుడు మార్చాడు. మధ్య వరుసకు కూడా అప్పుడే, అదే మాట మీద మార్చారు. కారణం మల్లేష్ అంటే మధ్య వరుస అలాగే ఉండిపోతుంది."

"బెన్, ఆ రోజు ఎన్నో మాటలు అనుకున్నాం," అన్నాడు హస్ముఖ్ భాయి హిందీలో, గుజరాతీ పిలుపుతో ఆమెను చెల్లెల్ని చేసి, నవ్వు లాంటిది తెచ్చుకుని. "ఎవరేమన్నారో ఇప్పుడెవరికి గుర్తు?"

"నాకు గుర్తుంది."

"ఆధారం ఏదైనా ఉందా?" అన్నాడు శ్రీహర్ష. ఈసారి తెలుగులో కాదు, ఇంగ్లిషులో.

"లేదు. నేను విన్నాను."

ఊర్మిళ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "మధ్య వరుసలో కూడా అదే ప్లేటా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇందుజను కాదు, మిగతా ఇద్దరినీ. శ్రీహర్ష అవునన్నాడు. హస్ముఖ్ భాయి పరీక్ష నెగ్గిందన్నాడు. ఎంత తేడాతో నెగ్గిందని ఆమె అడిగింది. ఇద్దరూ ఒకేసారి కాగితాలు తిరగేయడం మొదలుపెట్టారు.

"రెండు వరుసలూ పాత మందానికి మార్చండి," అంది ఊర్మిళ. "పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి. బండి ఆలస్యమైతే నేను చెప్పుకుంటాను. కారణం దగ్గర ఎవరి పేరూ వద్దు. రెండు కంపెనీలూ కలిసి చేసిన నిర్ణయం అని రాయండి." కళ్లజోడు పెట్టుకుంది. "తర్వాతది ఏమిటి?"

తర్వాతది ఏసీ గాలి సంగతి.

మీటింగు అయ్యాక శ్రీహర్ష ఫోను చేయలేదు. సాయంత్రం మెయిల్ వచ్చింది, రెండే వాక్యాలు. వచ్చే నెల నుంచి ఇందుజ ఈ బండి పని వదిలి బెంగళూరులో విడిభాగాల విభాగంలో చేరాలి. ఇన్నాళ్ల సహకారానికి కృతజ్ఞతలు. ఆమె దాన్ని చదివి, కంప్యూటరు మూసి, షెడ్డులో మల్లేష్ బల్ల మీద ఉన్న హెల్మెట్లు తీసి అలమరాలో పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. మర్నాడు ఉదయానికి హెల్మెట్లు మళ్లీ బల్ల మీదికి వచ్చాయి.

సోమవారం బుచ్చిరాములు మందం ప్లేట్లు బిగిస్తున్నాడు. పానా తిప్పుతూనే చెప్పాడు. "సుభాషిణమ్మ పొద్దున వచ్చింది మేడం, గేటు కాడికి. కొత్త చీర కట్టుకోని, టిఫిను డబ్బ పట్టుకోని. భర్తీ బంద్ అయిందన్నరు. మల్ల పిలుస్తమన్నరు."

"హస్ముఖ్ భాయిని కలిసిందా?"

"ఆయన బయటికి రాలె. ఆమె జర సేపు నిలబడి పోయింది."

ఇందుజ హస్ముఖ్ భాయి గదికి వెళ్లింది. అతను ఆమెను కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. కరోనా వల్ల ఆర్డర్లు తగ్గాయనీ, కుట్టే విభాగంలో ఉన్నవాళ్లకే పని చాలడం లేదనీ చెప్పాడు. కిటికీ అవతల కొత్తగా చేరిన ఆడవాళ్లు ఇద్దరు మెషీన్ల ముందు కూర్చుని ఉన్నారు. ఇందుజ వాళ్లను చూసిందని అతనికి తెలుసు. "జో హువా సో హువా, బెన్," అన్నాడు మెల్లగా. అయిందేదో అయింది. అతని ముఖంలో కోపం కూడా లేదు.

ఆ సాయంత్రం ఆమె మళ్లీ నవాగామ్ వెళ్లింది. సందు మొదట్లో చాయ్ బండి దగ్గర ఆగింది, తిరిగి వెళ్లిపోదామనుకుంది. ఆడవాళ్లు ముగ్గురు చీరల మూటలు నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చి, ఆమె పక్కకు తప్పుకునేదాకా నిలబడ్డారు. అప్పుడు నడిచింది.

సుభాషిణి తలుపు దగ్గరే ఉంది. పొద్దున కట్టిన కొత్త చీర మడత పెడుతోంది. ఇందుజను చూసి మడత ఆపలేదు.

"చెప్పొద్దన్న," అంది.

"అవును."

"చెప్పినవ్."

మొదటిసారి 'నువ్వు' అంది. ఇందుజకు ఆ మాటే అన్నిటికన్నా గట్టిగా తగిలింది. "వేరే చోట కుట్టు పని ఉందేమో నేను కనుక్కుంటాను, సుభాషిణి గారూ. నాకు తెలిసినవాళ్లు—"

"వద్దు. నాకు నేను చూసుకుంట." చీరను లోపల పెట్టి బీరువా తలుపు మూసింది. "నువ్వు తప్పు చేసినవని నేను అనను. గని ఇప్పుడు నీతోని మాట్లాడ బుద్ధయితలేదు. పో."

ఇందుజ తిరిగింది. గడపలో గంగవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆమె కోపం ఆమెకుండనీ. నువ్వు కూసో బిడ్డా."

కూర్చోక తప్పలేదు. గంగవ్వ చెయ్యి వదల్లేదు. వాడలో అందరికీ తెలిసిన సంగతి ఆమెకు మాత్రం ఎన్నాళ్లు తెలియకుండా ఉంటుంది?

"మా మల్లిగాని తప్పు లేదని అందరి ముంగట చెప్పినవట. నిజమేనా?"

"నిజమే అమ్మా."

"అందరంటే ఎవలెవలు?"

"రెండు కంపెనీల పెద్దలూ."

"ఇన్నరా?"

"విన్నారు."

"ఏమని చెప్పినవ్? నాకు చెప్పు."

ఇందుజ చెప్పింది. డ్రాయింగు, ప్లేటు, బరువు, మీటింగు. నాలుగు మాటలకే గంగవ్వ తల అడ్డంగా ఊపింది. "గా ఆపీసు మాటలు నాకు సమజ్ కావు. మెల్లగ చెప్పు. వాడేం చేసిండు, వీళ్లేం చేసిన్రు, గట్ల చెప్పు."

ఇందుజ మళ్లీ మొదలుపెట్టింది. "సీటు వెనకాల ఒక ఇనుప రేకు ఉంటుందమ్మా. అది గట్టిగా ఉంటేనే బండి దేన్నైనా గుద్దినప్పుడు సీటు ఊడిపోకుండా ఆపుతుంది. దాన్ని పలచగా చెయ్యమని పెద్దవాళ్లు అన్నారు. మల్లేష్ సరేనని—"

"గట్ల కాదు."

సుభాషిణి గొంతు. లోపలి చీకట్లోంచి వచ్చింది. ఆమె తలుపుదాకా వచ్చి, చౌకట్టుకు భుజం ఆనించి నిలబడింది.

"ముందుగాల ఆయన వద్దన్నడు. గది చెప్పాలె ముందు. సరేనన్నది తరువాత." ఇందుజ వైపు చూడకుండా అత్త వైపే చూస్తూ అంది. "నీకు యాదికున్నదా అత్తా, హోలీ పండుగ ముంగట? కడుపు మంచిగ లేదని అన్నం తినకుంట పండుకున్నడు. నువ్వు వాము కసాయం కాచిస్తివి."

"యాదికున్నది. తాగలే."

"కడుపు కాదు. గీ రేకు ముచ్చటే. నాతోని చెప్పిండు. పిల్లలు కూసునే సీట్లు, గంత పలచగ చెయ్యమంటున్నరు, నా చెయ్యి వస్తలేదు అన్నడు. తెల్లారి హస్ముఖ్ భాయి ఇంటికి పొయ్యిండు."

ఆ సంగతి ఇందుజకు తెలియదు. తలెత్తింది.

"వాళ్లింటికి ఎందుకు?" అంది గంగవ్వ.

"ఆపీసుల ఇంటలేరని, ఇంటికాడ చెప్దామని. గేటు కాడనే నిలబెట్టిన్రు. లోపలికి రానియ్యలే, కరోనా అని." సుభాషిణి మెల్లగా కిందికి జారి గడప అవతలి వైపు కూర్చుంది. మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుంది. "గేటు అవతల నుంచే చెప్పిండట. చేతుల రెండు రేకు ముక్కలు పట్టుకపోయిండు, ఒకటి మందం, ఒకటి పలచ. పలచదాన్ని చేతులతోనే వంచి చూపిచ్చిండట."

"వంగిందా?"

"వంగింది."

గంగవ్వ ఇందుజ చెయ్యి వదిలేసింది. కోడలి వైపు జరిగి, చెంపకు చెయ్యి ఆనించుకుంది.

"మల్ల?" అంది.

సుభాషిణి చెప్పడం మొదలుపెట్టింది.